అమలాపురం టికెట్టు

రాజమహేంద్రవరంలో డిగ్రీ చదివిన మూడేళ్లూ, ఆ తరవాత అక్కడే ఒక ఎరువుల దుకాణంలో లెక్కలు రాసిన మరో మూడేళ్లూ, ప్రతి శనివారం సాయంత్రం నేను అమలాపురం బస్సెక్కి ఇంటికి వచ్చేవాణ్ణి. మా ఊరికి దిగవలసిన చోటు కొత్తపేట. ఆ ఆరేళ్లలో నేను కొత్తపేటకు టికెట్టు అడిగిన సందర్భాలు పదికి మించవు. మిగిలిన వారాలన్నింటిలోనూ, కండక్టరు నా సీటు దగ్గరికి వచ్చేసరికి "ఆయ్, అమలాపురం అండి" అని చెప్పి, అమలాపురం దాకా డబ్బు కట్టి, కొత్తపేటలో దిగిపోయాను. ఒక కండక్టరు ఇది కనిపెట్టి, "ఏమయ్యా, అమలాపురం దాకా తీసుకున్నావు కదా, ఇక్కడ దిగుతావేం?" అని అడిగితే, మావయ్యగారింట్లో ఒక గంట ఉండి వెనక బస్సులో వెళ్తానని చెప్పాను. కొత్తపేటలో నాకు మావయ్యలెవరూ లేరు. ఆ తరవాతి వారం నుంచి ఆయన నన్ను చూడగానే "మావయ్యగారి మేనల్లుడు ఎక్కాడండోయ్" అని బస్సంతా వినపడేలా అనేవాడు. నేనూ అందరితో పాటు నవ్వేవాణ్ణి.

నాకు నత్తి ఉంది. 44 ఏళ్ల వయసులో ఈ మూడు మాటలు రాయడానికి నాకు ఇబ్బంది లేదు గాని, 38 ఏళ్లు వచ్చేదాకా వీటిని కన్నతల్లి దగ్గర కూడా పైకి అన్నవాణ్ణి కాను. "క" నాకు కష్టం, "ప" అంతకంటే కష్టం, "అ" సులువు. కొత్తపేట అనబోయేసరికి మాట నాలుక మీదికి రాకముందే గొంతులో ఏదో బిగుసుకునేది. లొల్ల లాకుల దగ్గర తలుపులు దించినప్పుడు నీళ్లు ఇవతల నిలబడి తోసుకుంటూ ఉంటాయి చూడండి, ఊపిరి అలా నిలబడిపోయేది. నోరు తెరిచే ఉండేది, శబ్దం వచ్చేది కాదు. చూసేవాళ్లకు అది రెండు మూడు సెకన్ల వ్యవహారం. ఆ రెండు మూడు సెకన్లు తప్పించుకోవడానికి వారానికి సగటున 6 రూపాయలు ఎక్కువ కట్టాననుకుంటే, 300 వారాలకు 1,800 రూపాయలు అవుతుంది. ఎరువుల దుకాణంలో నా మొదటి నెల జీతం సరిగ్గా అంతే.

ఆ డబ్బు గురించి నాకు చింత లేదు. ఇన్నాళ్లకు ఇదంతా రాయడానికి కారణం వేరు. నత్తి నా జీవితంలో నా దగ్గర నుంచి తీసుకున్నది చాలా తక్కువ అని, దాన్ని దాచడానికి నా అంతట నేను ఇచ్చుకున్నదే ఎక్కువ అని, అలా ఇచ్చుకుంటున్నంత కాలమూ చుట్టూ ఉన్న మంచివాళ్లంతా నన్ను మెచ్చుకుంటూనే ఉన్నారని నా అభిప్రాయం. ఆ మెచ్చుకోలు మీదే నాకు ఫిర్యాదు.

నత్తి అంటే ఒకే అక్షరాన్ని పదేపదే పలకడమని చాలామంది అనుకుంటారు. అది ఒక రకం. శబ్దాన్ని సాగదీయడం ఇంకో రకం. నాది అసలు శబ్దమే రాకుండా ఆగిపోయే రకం. దాచుకోవడానికి ఇంతకంటే అనువైనది లేదు, ఎందుకంటే ఆగిపోయినవాడు ఆలోచిస్తున్నాడని ఎదుటివారు అనుకుంటారు. పైగా ఈ పనికి తెలుగు భాష చేసినంత సాయం మరే భాషైనా చేస్తుందో లేదో నాకు అనుమానమే. "పెళ్లి" మొరాయిస్తే "వివాహం" ఉంది, అదీ మొరాయిస్తే "శుభకార్యం" ఉంది. "కొబ్బరికాయ" అనలేనివాడు "నారికేళం" అనవచ్చు, కాకపోతే కోనసీమలో ఆ మాట అన్నవాణ్ణి ఒకసారి ఎగాదిగా చూస్తారు. మాటల వరస కూడా మన చేతిలోనే ఉంటుంది. "కొత్తపేటలో మా చెల్లెలు ఉంది" అని మొదలుపెట్టలేనివాడు "అదేనండీ, మా చెల్లెలు ఉండేది అక్కడే కదా, కొత్తపేటలో" అని వాక్యాన్ని వెనక నుంచి తోలుకొచ్చి, ఆ ఊపులో ఆ మాటను గట్టెక్కించవచ్చు. మాటకు ముందు "ఆయ్", చివర "అండి" మా ప్రాంతపు మర్యాద. పైవాళ్లు దాన్ని అనుకరించి సరదా పడతారు గాని, అది నాకు చేసిన ఉపకారం వాళ్లకు తెలియదు. ఏ మాటైనా రాకపోతే ఆ రెండింటినీ అడ్డం వేసుకుని ఊపిరి కూడదీసుకునేవాణ్ణి. ఇలా పదాలు మార్చి మార్చి మాట్లాడగా, ఇరవై ఏళ్లు దాటేసరికి నాకు "పంతులుగారి భాష" అని ఊళ్లో పేరు వచ్చింది. ఈ వ్యాసం కాస్త పుస్తకాల వాసన వేస్తోందని మీకు అనిపిస్తే, దాని మూలం కూడా అక్కడే ఉంది.

అన్ని మాటలకూ పర్యాయపదాలు దొరికాయి గాని నా పేరుకు దొరకలేదు. అది "ప"తో మొదలవుతుంది. ఒక పెళ్లి భోజనాల్లో పక్క విస్తరి పెద్దాయన "నీ పేరేమిటి బాబూ?" అని అడిగితే, రెండు క్షణాలు ఆగి, మా అన్నయ్య పేరు చెప్పేశాను. ఆయన మా ఇంటికి నాలుగు వీధుల అవతల ఉండేవాడు. పోయేదాకా నన్ను ఆ పేరుతోనే పిలిచాడు, నేను పలుకుతూనే ఉన్నాను.

మా ఇంట్లో నా నత్తికి ఒక తేదీ ఉంది. 1986 ఆగస్టులో, ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటిన ఆ వరదలో, నాకు 5 ఏళ్లప్పుడు, మమ్మల్ని ఏటిగట్టు మీదికి చేర్చారు. చీకట్లో పశువుల అరుపులకు నేను జడుసుకున్నానని, అప్పటి నుంచి మాట పడిపోయిందని అమ్మ చెబుతుంది. ఊరంతా అదే నమ్మింది, నేనూ చాలా ఏళ్లు నమ్మాను, ఎందుకంటే గోదావరి వల్ల వచ్చిందంటే అందులో నా తప్పూ లేదు, మా వంశం తప్పూ లేదు. మా పెద్దక్క ఒక్కర్తే ఒప్పుకోదు. వరదకు ముందు ఏడాది వినాయక చవితి పత్రికి వెళ్లినప్పుడే నేను "అ అ అక్కా" అన్నానని ఆవిడకు గుర్తు. ఆవిడ మాటే నిజమై ఉంటుంది. పిల్లల్లో నత్తి సాధారణంగా రెండు నుంచి ఐదేళ్ల మధ్య, మాటలు జోరుగా పెరిగే కాలంలో మొదలవుతుంది. నూటికి ఐదుగురు పిల్లలకు ఏదో ఒక దశలో వస్తుంది, వాళ్లలో ఎక్కువమందికి దానంతట అదే పోతుంది, పెద్దవాళ్లలో సుమారు నూటికి ఒకరికి మిగులుతుంది. జడుపు వల్ల వచ్చేది కాదు, తల్లిదండ్రుల పెంపకం వల్ల వచ్చేదీ కాదు. కుటుంబాల్లో నడుస్తుందని ఎప్పటి నుంచో తెలుసు. 2010లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల శాస్త్రవేత్తలు, పాకిస్తాన్‌లో నత్తి తరతరాలుగా ఉన్న కుటుంబాలను పరిశీలించి, దానితో సంబంధమున్న జన్యు మార్పులను గుర్తించారు కూడా.

మా వంశంలో అది ఎక్కడ ఉందో నాకు తెలుసు. మా చిన్నతాతయ్య సోమవారాలు మౌనవ్రతం పట్టేవాడు. తరవాత శనివారాలు కూడా కలిపాడు. చివరి పదేళ్లలో వారంలో ఏ రోజు మాట్లాడతాడో ఇంట్లోవాళ్లకే తెలిసేది కాదు, ఆయనకు మాత్రం ఊళ్లో స్వామి అన్నంత గౌరవం ఉండేది. ఒకసారి చేలో తేలు కుట్టినప్పుడు ఆయన "త త త" అంటూ గట్టు మీద కూలబడడం నేను కళ్లారా చూశాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆయన నావైపు చూసిన చూపు కూడా చెప్పవద్దన్నట్టే ఉంది.

వైద్యం జరగలేదని కాదు. అమ్మమ్మ సానరాయి మీద వసకొమ్ము అరగదీసి తేనెతో నాలుక మీద రాసేది. గలగలా మాట్లాడేవాళ్లను వసపిట్ట అనే మన భాషలో, వస పోసినా పలకని పిట్టను నేనే అయి ఉంటాను. చిలక కొట్టిన జామపండ్లు తినిపించారు. గ్రీకు దేశంలో ఒక మహావక్త నోట్లో గులకరాళ్లు పెట్టుకుని అభ్యాసం చేశాడని మా తెలుగు మాస్టారు చెప్పారు గాని, మా వైపు గోదావరిలో ఒండ్రు తప్ప గులకరాయి దొరకదు కనుక చింతగింజలతో సరిపెట్టాం. రెండు మింగాను.

ఈ వైద్యాల కంటే నాకు ఎక్కువ చెరుపు చేసింది ఒక మంచి విషయం. బళ్లో అందరం కలిసి ఎక్కాలు చెప్పేటప్పుడు నా గొంతు అందరికంటే పైన ఉండేది. ధనుర్మాసం భజనల్లో నేను పాడితే ఒక్క అక్షరం తొణికేది కాదు. పద్యం రాగం తీసి చదవమంటే చదివేవాణ్ణి, అదే పద్యానికి తాత్పర్యం చెప్పమంటే నిలబడిపోయేవాణ్ణి. ఇది నా ఒక్కడి సంగతి కాదు. నత్తి ఉన్నవాళ్లలో చాలామందికి పాటలోను, బృందంతో కలిసి పలికేటప్పుడు, ఒంటరిగా తమలో తాము మాట్లాడుకునేటప్పుడు అది దాదాపు మాయమవుతుంది. మాట ఎప్పుడు మొదలుపెట్టాలన్న కాలపు లెక్క లయ నుంచో, పక్కవాడి గొంతు నుంచో అందడమే దీనికి కారణమని ఒక వివరణ ఉంది. ఆ వివరణ మా ఊరికి అందలేదు. "పాడేటప్పుడు రానిది మాట్లాడేటప్పుడు ఎందుకొస్తుంది? నీకు ధైర్యం లేదు, అంతే" అని తీర్పు చెప్పారు. నోటికి ఉన్న లోపం కాస్తా ఆ ఒక్క మాటతో గుణానికి ఉన్న లోపమైపోయింది. నత్తిని ఎవరైనా చూపించుకుంటారేమో గాని, పిరికితనాన్ని ఎవరూ చూపించుకోరు. నేను దాచడం మొదలుపెట్టింది ఆ రోజుల్లోనే.

ఆ కళలో నేను ఎంత ముదిరానంటే, నిజం తెలిసిన ఒకరిద్దరు స్నేహితులు "నీకు నత్తి ఉందంటే ఎవరూ నమ్మర్రా" అని నా భుజం తట్టేవాళ్లు. నాకు అంతకంటే పెద్ద బిరుదు లేదనిపించేది. ఆ మెచ్చుకోలులో ఉన్న షరతు నాకు అప్పుడు వినిపించలేదు. నువ్వు మాకు కనిపించనంత వరకే నువ్వు బాగున్నావు అన్నది ఆ షరతు. దాన్ని నిలబెట్టుకోవడానికి నేను ఏమేం చేశానో వాళ్లకు తెలియదు. ఫోను మోగితే స్నానాల గదిలోకి వెళ్లి, మోగడం ఆగేదాకా నిలబడేవాణ్ణి. ఒక్క మాట ఫోనులో చెబితే తీరేదానికి నాలుగు కిలోమీటర్లు సైకిలు తొక్కి స్వయంగా వెళ్లేవాణ్ణి, ఎందుకంటే ఎదురుగా ఉంటే చేతులతో, నవ్వుతో కొంత నెట్టుకురావచ్చు. రావులపాలెం సెంటరులో పూతరేకులు కొనాలంటే దుకాణంలో వాటివైపు వేలు చూపించేవాణ్ణి. నోట్లో నాలుక లేనివాడని పెళ్లిచూపుల్లో అత్తవారికి నచ్చాను.

నత్తి మీద పనిచేసిన అమెరికన్ మనస్తత్వవేత్త జోసెఫ్ షీహన్, తానూ నత్తి ఉన్నవాడే, దీన్ని సముద్రంలో మంచుకొండతో పోల్చాడు. పైకి వినిపించే తడబాటు కొసమాత్రమే, సిగ్గు, భయం, తప్పించుకోవడం నీటి అడుగున ఉంటాయన్నది ఆయన మాట. మంచుకొండను నేనెప్పుడూ చూడలేదు. నాకు తెలిసినది వరదలో లంక. పైన నాలుగు కొబ్బరి మొవ్వులు కనిపిస్తాయి, అడుగున అరటి తోటలు, పాకలు, బావులు, గడ్డివాములు అన్నీ ఉంటాయి. నేను ఆ నాలుగు మొవ్వులు కూడా కనపడకుండా ముంచేసి, ఇక్కడ ఊరే లేదని చెప్పుకుంటూ తిరిగాను.

నేను ఒక సహకార సంఘంలో లెక్కల గుమాస్తాగా చేరి, పై మెట్టు దాకా వచ్చాను. 2012లో సెక్రటరీ పదవి ఖాళీ అయినప్పుడు అధ్యక్షులవారు నన్ను పిలిచి ఇస్తామన్నారు. సెక్రటరీ అయితే ఏటా మహాజన సభలో నిలబడి నివేదిక చదవాలి. మా అమ్మ ఆరోగ్యం బాగుండడం లేదని, ఆ భారం మోయలేనని చెప్పాను. అమ్మ అప్పటికి తెల్లవారుజామున లేచి రెండు గేదెల పాలు పితుకుతోంది. 2016లో మళ్లీ అడిగారు, మళ్లీ అమ్మనే మంచాన పడేశాను. నాకంటే ఆరేళ్లు చిన్నవాడు, నేను లెక్కలు నేర్పినవాడు, ఆ కుర్చీలో కూర్చున్నాడు. వాడి తప్పు అణువంత కూడా లేదు. నాలుగేళ్ల పాటు వాడు రాసిన నివేదికల్లో అంకెలు నేను సరిదిద్దాను, ఆ సమయంలో నాకు కలిగిన అసూయను కూడా నత్తితో పాటే దాచుకున్నాను.

ఇంతవరకు చెప్పినవన్నీ నాకు నేను చేసుకున్నవి. తరవాతిది అలాంటిది కాదు.

2019 వేసవిలో, మా అమ్మాయికి నాలుగేళ్లు నిండబోతుండగా, ఒక సాయంత్రం గుమ్మం దగ్గరికి పరుగెత్తుకొచ్చి "న న న నాన్నా" అంది. ఆ క్షణంలో నాకు కలిగినది జాలి కాదు, ప్రేమ కాదు, దొరికిపోయానన్న భయం. పిల్లలన్నాక అలాగే అంటారని మా ఆవిడకు చెప్పాను. మూడు నెలలైనా తగ్గకపోతే ఆవిడ పట్టుబట్టి కాకినాడలో ఒక స్పీచ్ థెరపిస్టు దగ్గరికి తీసుకెళ్లింది. ఆ థెరపిస్టు అమ్మాయితో బొమ్మలు ముందు పెట్టుకుని అరగంట ఆడి, తరవాత మాతో మాట్లాడింది. ఆడపిల్లల్లో తగ్గిపోయే అవకాశం మగపిల్లల్లో కంటే ఎక్కువని, చాలామందికి ఒకటి రెండేళ్లలో సర్దుకుంటుందని, అయితే ఎవరికి తగ్గుతుందో ఎవరికి మిగులుతుందో అంచనా వేయడానికి కొన్ని సంగతులు తెలియాలని చెప్పింది. ఎప్పుడు మొదలైంది, పెరుగుతోందా తరుగుతోందా అని అడిగి రాసుకుంది. తరవాత తలెత్తి, "మీ రెండు వైపులా కుటుంబాల్లో ఎవరికైనా నత్తి ఉందా? ముఖ్యంగా పెద్దయ్యాక కూడా పోనివాళ్లు?" అని అడిగింది.

"లేదండి" అన్నాను.

ఒక్క తడబాటు లేకుండా వచ్చింది ఆ మాట. నా జీవితంలో అంత నున్నగా పలికిన మాటలు చాలా తక్కువ. ఆవిడ కాగితం మీద ఆ గడిలో "లేదు" అని రాసుకుని, కొన్నాళ్లు గమనిస్తూ ఉండమని, తగ్గకపోతే మళ్లీ రమ్మని పంపింది. ఆవిడ చేసినది పూర్తిగా సబబు. కుటుంబంలో నత్తి మిగిలిపోయినవాళ్లు ఉండడం అన్నది, అది పిల్లకూ మిగలవచ్చునని చెప్పే ముఖ్యమైన సూచనల్లో ఒకటి. ఆ సూచనను నేను ఆవిడ చేతికి ఇవ్వలేదు. తిరుగు ప్రయాణంలో బస్సు ఎదుర్లంక వంతెన మీదికి ఎక్కాక, మా ఆవిడ కిటికీ వైపు చూస్తూనే, "మీ చిన్నతాతగారి సంగతి చెప్పలేదేమండీ?" అంది. "ఆయనది మౌనవ్రతం" అన్నాను. ఆవిడ ఇంకేమీ అనలేదు. అమ్మాయి నా ఒళ్లో నిద్రపోతోంది.

ఆ తరవాత ఏడు నెలల పాటు ఇంట్లో నేను చేసిన పని ఏమిటంటే, అమ్మాయి మాట తట్టుకున్న ప్రతిసారీ నేను మొహం తిప్పుకోవడం. తిట్టలేదు, వెక్కిరించలేదు, "నెమ్మదిగా చెప్పమ్మా" అని కూడా అనలేదు. పేపరు తీసుకునేవాణ్ణి, లేకపోతే చెప్పులు సరిచేసుకునేవాణ్ణి. అంత చిన్నపిల్లకు ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. ఒక మధ్యాహ్నం అది ఆటలోంచి వచ్చి, కుండ దగ్గర నిలబడి, "న్..." అని ఆగింది. పెదవి బిగిసింది, కళ్లు నావైపు వచ్చాయి, నా మొహం అప్పటికే అటు తిరుగుతోంది. అప్పుడది "దాహం" అంది.

"నీళ్లు" అనవలసిన చోట "దాహం" అంది. నాలుగున్నరేళ్ల పిల్ల, తడుముకోకుండా, ముప్పై ఏళ్లుగా నేను చేస్తున్న పని చేసింది. మా చిన్నతాతయ్య నుంచి నాకు వచ్చినది జన్యువుల్లో వచ్చి ఉండవచ్చు, దానికి నేను చేయగలిగినది లేదు. దాచే విద్య మాత్రం రక్తంలో రాలేదు, నా మొహం చూసి నేర్చుకుంది. నీళ్లు ముంచి ఇచ్చాను. గ్లాసు పట్టుకున్న చేయి వణికిందని మా ఆవిడ తరవాత చెప్పింది.

ఆ వారమే మళ్లీ కాకినాడ వెళ్లాం. "నాకు కూడా ఉందండి, పోయినసారి అబద్ధం చెప్పాను" అన్న వాక్యం పూర్తి చేయడానికి నాకు అర నిమిషం దాకా పట్టింది. మాట మార్చే దారులు అన్నీ ఎదురుగా కనిపిస్తూనే ఉన్నాయి, ఏదీ పట్టుకోలేదు. థెరపిస్టు నా మాట అందుకుని తాను పూర్తి చేయలేదు, చూపు దించలేదు. నేను ముగించాక పాత కాగితం తీసి, "లేదు" అన్న చోట గీత కొట్టి, "తండ్రి; తండ్రి చిన్నతాత" అని రాసుకుంది.

ఆ తరవాత జరిగిన శిక్షణలో సగం అమ్మాయికి, సగం నాకు. అమ్మాయితో తొందర లేకుండా మాట్లాడడం, అది చెప్పేదాకా ఆగడం, ఎలా చెప్పింది అన్నది వదిలి ఏం చెప్పింది అన్నదానికి జవాబివ్వడం మా ఇద్దరి వంతు. నా ఒక్కడి వంతు ఇంకొకటి ఉంది. ఇంట్లో, దాని ముందు, నత్తి వస్తే రానివ్వాలి, రాకపోతే తెచ్చుకోవాలి. చార్లెస్ వాన్ రైపర్ అనే అమెరికన్ నిపుణుడు, ఆయనా నత్తితో బాధపడినవాడే, ఈ పద్ధతికి చాలా ప్రాముఖ్యం ఇచ్చాడు. కావాలని నత్తిగా మాట్లాడితే దాని మీద భయం విరుగుతుందని, తడబాటును బిగింపు లేకుండా తేలికగా పోనివ్వడం నేర్చుకోవచ్చని ఆయన చెప్పాడు. నాకు మొదటి అభ్యాసంగా కిరాణా కొట్టులో "ప ప పంచదార" అనమన్నారు. ఆ కొట్టాయన నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. రెండుసార్లు కొట్టు దాకా వెళ్లి "చక్కెర" కొనుక్కుని వచ్చేశాను.

నత్తిని గెలిచినవాళ్ల కథలు చెప్పి ధైర్యం పోసే వాళ్లతో నా తగాదా ఇక్కడే వస్తుంది. బ్రిటన్ రాజు ఆరో జార్జి, రాజు కాకముందు 1926లో, లయొనెల్ లోగ్ అనే ఆస్ట్రేలియా దేశస్థుడి దగ్గర అభ్యాసం మొదలుపెట్టాడు. దాన్ని నత్తి పోయిన కథగా చెబుతారు. 1939 సెప్టెంబరు 3న, జర్మనీ మీద బ్రిటన్ యుద్ధం ప్రకటించిన రోజున, ఆయన రేడియోలో చేసిన ప్రసంగపు రికార్డు ఈనాటికీ వినవచ్చు. అందులో మాటకూ మాటకూ మధ్య విరామాలు వినిపిస్తాయి. నత్తి ఎక్కడికీ పోలేదు, దాన్ని వెంటబెట్టుకునే ఆయన దేశంతో మాట్లాడాడు. పోవడమే గెలుపు అని చెప్పేసరికి, పోనివాళ్లంతా ఓడినట్టు లెక్క. ఓడినవాడు ఏం చేస్తాడు? గెలిచినట్టు నటిస్తాడు. నేను చేసింది అదే.

దీనికి ఎదురు వాదన నాకు తెలియనిది కాదు, ఎందుకంటే అది మా ఇంట్లోనే వినిపిస్తుంది. "నువ్వు మగవాడివి, ఉద్యోగం స్థిరపడింది, ఇప్పుడు చెప్పుకుంటే పోయేదేమీ లేదు. అది ఆడపిల్ల, రేపు సంబంధాలు చూడాలి" అని అమ్మ అంటుంది. అమ్మది అన్యాయమైన మాట కాదు, లోకం తెలిసిన మాట. నేను చెప్పేదల్లా ఒక్కటే. దాచి చేసుకున్న పెళ్లిలో ఎనిమిదేళ్లు ఎలా ఉంటాయో నాకు తెలుసు, సొంత ఇంట్లో స్నానాల గదిలో నిలబడడం ఎలా ఉంటుందో తెలుసు, దాన్ని నా కూతురికి సారెగా పెట్టి పంపలేను. ఉద్యోగాల వేటలో ఉన్న కుర్రాడికి మాత్రం అన్నీ బయట పెట్టేయమని సలహా ఇచ్చే ధైర్యం నాకు లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించినా, అందులో మాటకు సంబంధించిన వైకల్యాన్ని స్వరపేటిక తొలగింపు, మెదడు దెబ్బతిని మాట పోవడం వంటి వాటితో నిర్వచించారు. నత్తి పేరు అందులో లేదు. చట్టం అండ లేకుండా ఇంటర్వ్యూ గదిలో కూర్చున్నవాడు ఎంత చెప్పాలో వాడే తేల్చుకోవాలి. చెప్పనంత మాత్రాన వాణ్ణి నేను తప్పుపట్టను. వాడు దాచగలిగినందుకు మెచ్చుకోవడం మాత్రం మానేయమంటాను.

2022లో సెక్రటరీ పదవి మూడోసారి నా దాకా వచ్చింది. ఈసారి అమ్మను మంచం దించాను. మహాజన సభ రోజున లేచి నిలబడి, ముందుగా, "నాకు నత్తి ఉందండి, నివేదిక చదవడానికి కాస్త ఎక్కువ సేపు పడుతుంది" అన్నాను. గోదావరి వాళ్ల వెటకారం గురించి మీరు వినే ఉంటారు. రెండో వరసలోంచి ఒక రైతు, ఎంతో వినయంగా, "ఎంతసేపైనా పర్లేదండి సెక్రటరీగారూ, బాకీలు కూడా అలాగే అడగండి. మీరు అడగడం పూర్తయ్యేసరికి మేం ధాన్యం అమ్మేసుకుని తీర్చేస్తాం" అన్నాడు. సభంతా గొల్లుమంది. నేనూ నవ్వాను, ఇది "మావయ్యగారి మేనల్లుడి" నవ్వులాంటిది కాదు. ఆ పూట "పంట రుణాలు" అన్న చోట నాలుగుసార్లు ఆగిపోయాను, "పరపతి" దగ్గర ఆరుసార్లు. అప్పు, బాకీ అని మార్చి తేలికగా దాటిపోవచ్చు. కాగితంలో ఉన్నది ఉన్నట్టే చదివాను. పది నిమిషాల నివేదిక ఇరవై రెండు నిమిషాలు పట్టింది, చివర్లో కొందరు టీ కోసం లేచి వెళ్లారు. అది నివేదిక తప్పా, నా తప్పా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు.

అన్నీ చక్కబడ్డాయని చెప్పను. తెలియని నంబరు నుంచి ఫోను వస్తే ఈనాటికీ నా కాలు స్నానాల గది వైపు పడుతుంది. అమ్మాయికి ఇప్పుడు పదేళ్లు. తగ్గింది, పోలేదు. బళ్లో ఒక పిల్లవాడు నత్తగుల్ల అని పేరు పెడితే, వాడికి ఇదీ ఒక పేరు పెట్టి వచ్చింది. ఆ పేరు ఇక్కడ రాయదగినది కాదు.

2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు బస్సుల్లో ప్రయాణం ఉచితమైంది గదా. డబ్బు కట్టకపోయినా టికెట్టు తీసుకోవాలి, ఎక్కడ దిగేదీ చెప్పాలి. ఈ మధ్య ఒక శనివారం రావులపాలెంలో ఇద్దరం అమలాపురం బస్సెక్కాం. కండక్టరు ముందు దాన్నే అడిగాడు, "ఎందాకా పాపా?" అని. అది "క్..." అని ఆగింది. వెనక సీట్లోంచి ఎవరో తొంగి చూశారు. నా నాలుక చివర, ఇన్నేళ్ల తరవాత కూడా, "అమలాపురం అండి" సిద్ధంగా ఉంది. పళ్లు బిగబట్టాను, మొహం తిప్పుకోలేదు. కండక్టరు సాయం చేయబోయి "కొత్తపేటా?" అన్నాడు.

"ఉండండి, న్... నేనే చెప్తాను" అంది. ఇంకో రెండు క్షణాలు ఆగి, "క్ క్ కొత్తపేటండి" అంది.

ఆయన దానికి సున్నా రూపాయల టికెట్టు చించి ఇచ్చాడు. తరవాత నావైపు తిరిగాడు. నాకూ కాస్త సేపు పట్టింది. కొత్తపేట దాకానే డబ్బు కట్టాను.